జ్వరాల చరిత్ర – 9: దోమ కడుపు నుంచి దోమ నోటి దాకా

పోయిన వారం పరకాల చెరువుల దగ్గర ఆగాం. తూముల కింద మడుగులు, కాలువ గట్ల వెంట నిలిచే నీళ్లు, తూర్పుకు పోతే ములుగు, భూపాలపల్లి అడవుల్లో వాగులు. వానలు వెనకబట్టే వేళకు ఈ ఊళ్లల్లో చలిజ్వరం, అంటే మలేరియా, మొదలయ్యేది. మధ్యాహ్నం దాకా పొలంలో ఉన్న మనిషి ఉన్నట్టుండి వణికిపోతూ ఇంటికొచ్చి, ఉన్న గొంగళ్లన్నీ కప్పించుకొని, సాయంత్రానికి చెమటలు పట్టి తేరుకొనేవాడు. మర్నాడు బాగానే ఉండేవాడు. ఆ మర్నాడు మళ్లీ అదే వేళకు మంచమెక్కేవాడు. ఏళ్ల తరబడి ఈ జ్వరం పడ్డ పిల్లలకు ఎడమ డొక్కలో బల్ల పెరిగేది. అడవి నీళ్లు పడలేదన్నారు, గాలి సోకిందన్నారు. తెల్లదొరల డాక్టర్లు చెప్పిందీ ఇంతకన్నా గొప్పగా ఏమీ లేదు. చిత్తడి నేలల మీంచి లేచే చెడుగాలే జ్వరానికి మూలమని వాళ్లు కూడా చాలాకాలం నమ్మారు.

ఈ వారం పరకాల వదిలి సికింద్రాబాదు కంటోన్మెంటుకు పోదాం. ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినమని పేపర్లలో ఒక చిన్న వార్త వస్తుంది. 1897లో ఆ రోజున బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పాడని అందులో రాస్తారు. ఇది సగం నిజం. ఆ రోజు రాస్‌కు దొరికింది దోమ కడుపు. కడుపులో ఉన్నది నోటిదాకా వస్తే తప్ప మనిషికి జ్వరం రాదు. ఆ మిగతా దారి తేలడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ దారిలో క్రిమి ఏ ఎత్తులు వేస్తుందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తేల్చే పనిలో ఉన్నవాళ్లలో కొందరు అదే హైదరాబాదులో, గచ్చిబౌలి వైపు కూర్చుని దోమల్ని కోస్తున్నారు.

కథ అల్జీరియాలో మొదలైంది. 1880 నవంబరు 6న కాన్‌స్టాంటీన్ పట్టణపు మిలిటరీ ఆస్పత్రిలో అల్ఫోన్స్ లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక జ్వరం సిపాయి రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తుంటే ఎర్ర కణాల మధ్య ఏదో కదిలింది. సన్నని తోకలు కొరడాల్లా విసురుతూ ఒక జీవి. జ్వరానికి కారణం గాలి కాదు, ఒక పరాన్నజీవి అని ఆయన ప్రకటిస్తే చాలా ఏళ్లు ఎవరూ లెక్కచెయ్యలేదు. మరి ఆ జీవి ఒక మనిషి రక్తంలోంచి ఇంకో మనిషి రక్తంలోకి ఎట్లా పోతోంది? లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్‌కు దోమ మీద అనుమానం. బోదకాలుకు కారణమైన ఫైలేరియా పురుగులు దోమ ఒంట్లో పెరుగుతాయని ఆయన 1877లో చైనాలోని అమోయ్‌లో చూసి ఉన్నాడు. 1894లో సెలవు మీద లండన్ వచ్చిన ఒక ఆర్మీ డాక్టరుకు ఆయన మలేరియా క్రిమిని చూపించి, తన అనుమానమూ చెప్పాడు. ఆ డాక్టరే రాస్. 1857లో అల్మోరాలో పుట్టినవాడు. కవిత్వం, నవలలు, లెక్కలు అన్నిట్లో చెయ్యిపెట్టినవాడు. వైద్యం మీద అప్పటిదాకా అంత మోజు ఉన్నవాడేమీ కాదు.

1895లో రాస్ సికింద్రాబాదు వచ్చాడు. మాన్సన్ చెప్పిన దారి ఒకటి బుర్రలో ఉంది: దోమ రోగి రక్తం తాగుతుంది, నీళ్ల మీద గుడ్లు పెట్టి అక్కడే చస్తుంది, ఆ నీళ్లు తాగినవాడికి జ్వరం వస్తుంది. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, అప్పటికి దోమ బతుకులో ఒక్కసారే రక్తం తాగుతుందని మాన్సన్ అనుకొనేవాడు. రాస్ దాన్ని పరీక్షించాడు. దోమలు చచ్చిన నీళ్లను లచ్మన్ అనే మనిషి చేత తాగించాడు. కొద్దిరోజులకు అతనికి జ్వరం వచ్చింది, తగ్గింది. రాస్ పొంగిపోయాడు. మరికొందరి మీద ప్రయత్నిస్తే లెక్క తేలలేదు. ఒక సర్కారీ డాక్టరు కూలి మనిషి చేత ఇట్లాంటి నీళ్లు తాగించడం ఆనాడు ఎవరికీ తప్పుగా తోచలేదు. శాస్త్ర చరిత్ర పుస్తకాల్లో దాన్ని రాస్ పట్టుదలకు ఉదాహరణగా చెప్పి దాటిపోతారు. నాకు మాత్రం లచ్మన్ పేరు కనిపించినచోటల్లా రెండు నిమిషాలు ఆగాలనిపిస్తుంది.

తర్వాత రెండేళ్లూ తప్పుడు దోమలతోనే గడిచాయి. రాస్ కీటకశాస్త్రం చదువుకోలేదు. తన దోమల్ని బూడిద రంగువనీ, చారలవనీ పిలుచుకొని, రోగుల మీద వదిలి, రక్తం తాగించి, కోసి చూసేవాడు. ఇవాళ్టి పేర్లలో అవి క్యూలెక్సులు, ఏడిస్‌లు. మనిషి మలేరియా వాటిలో పెరగదు. మధ్యలో కలరా పని మీద బెంగుళూరుకు బదిలీ. 1897లో ఊటీ దగ్గర సీగూరు ఘాటులో మలేరియా మీద వెతుకుతూ తానే ఆ జ్వరం పడ్డాడు. అక్కడే గోడ మీద కొత్త రకం దోమ ఒకటి ఆయన కంట పడింది: గోధుమ రంగు, రెక్కల మీద మచ్చలు, వాలినప్పుడు ఒళ్లు వంచి తోక ఎత్తి కూర్చునే తీరు. అనాఫిలిస్ అనే పేరు ఆయనకు తెలియదు.

ఆ దోమను పల్లెల్లో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మామూలు దోమ గోడకు సమాంతరంగా వాలుతుంది. ఇది మేకు కొట్టినట్టు ఏటవాలుగా వాలుతుంది. దీని పిల్లపురుగు కూడా వేరు. మురికి నీళ్లల్లో తోక పైకి, తల కిందికి వేలాడే పురుగు క్యూలెక్సుది. అనాఫిలిస్ పురుగు నీటి మీద తేలే గడ్డిపరకలా అడ్డంగా పడుకుంటుంది, తరచు మంచినీళ్లల్లోనే ఉంటుంది. పరకాల చుట్టుపక్కల ఊళ్లకు దీనిలో ఒక చేదు నిజం ఉంది. మురుగు బాగుచేస్తే పోయే జ్వరం కాదిది. అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అనే మన పల్లెల దోమ కాలువలు, వాగు మడుగులు, పొలాల్లో నిలిచిన నీళ్లల్లో పెరుగుతుంది. పంటకు కట్టిన నీళ్లే దానికీ ఇల్లు.

1897 జూన్‌లో రాస్ మళ్లీ సికింద్రాబాదు చేరాడు. ఆ ఏడు ఆగస్టు నెల ఉక్కపోత. పనిచేసే గదిలో పంకా లాగించుకుందామంటే లాభం లేదు, గాలి విసురుకు కోసిన దోమలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట కారికారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. ఉన్న ఒక్క కంటి అద్దానికీ పగులు. కళ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగలు వేరే. పనేమో ఇది: గాజు పలక మీద ఉప్పునీటి చుక్క, అందులో దోమ. ఒక సూదితో రొమ్మును పట్టి, ఇంకో సూదితో తోక కొసను మెల్లగా లాగితే పేగు, కడుపు, గుడ్ల సంచి ఒకదాని వెంట ఒకటి బయటికొస్తాయి. కడుపు ఒక సన్నని తెల్లసంచి. దాన్ని సన్న అద్దం కింద పరిచి, కణం కణం వదలకుండా వెతకాలి. ఏం వెతకాలో తెలిసి ఉంటే ఒక తీరు. దోమ ఒంట్లో క్రిమి ఏ రూపంలో ఉంటుందో లోకంలో ఎవరికీ తెలియదు. ఒక్కో దోమకు గంటలు పట్టేది.

ఆగస్టు నడిమిలో రాస్ మనుషుల్లో ఒకడు సీసాలో దోమ పురుగుల్ని పట్టుకొచ్చాడు. అవి పొదిగితే మచ్చల రెక్కల దోమలే అయ్యాయి. ఆస్పత్రిలో హుసేన్‌ఖాన్ అనే రోగి ఉన్నాడు. అతని రక్తంలో నెలవంక ఆకారపు క్రిములు ఉన్నాయి. ఆగస్టు 16 మధ్యాహ్నం అతన్ని దోమతెర లోపల పడుకోబెట్టి దోమల్ని వదిలారు. కుట్టిన దోమకు ఒక అణా లెక్కన అతనికి ముట్టింది. తర్వాత రోజుకు కొన్ని కోసుకుంటూ పోతే ఏమీ దొరకలేదు, కొన్ని చచ్చిపోయాయి. ఆగస్టు 20 నాటికి బతికున్నవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో రాస్ నోటుపుస్తకంలో 38వ నంబరు వేసుకున్న దోమను కోశాడు. కడుపు గోడలో గుండ్రని కణాలు కనిపించాయి. దోమ కడుపు కణాల కన్నా ఇవి నిండుగా ఉన్నాయి, లోపల నల్లని పొడి రేణువులు. ఆ నల్లపొడి ఆయనకు బాగా తెలిసిన గుర్తు. మనిషి రక్తంలో మలేరియా క్రిమి వదిలేది అదే. మర్నాడు ఆఖరి దోమను కోస్తే అవే కణాలు ఇంకా పెద్దవై కనిపించాయి. అంటే బతికున్నవే, పెరుగుతున్నవే.

రాస్ పద్యాలు రాసి భార్యకు పంపాడు. డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రెండు దోమల మీద రెండు పేజీల పాటి వ్యాసం వచ్చింది. హుసేన్‌ఖాన్ పేరు చరిత్రలో మిగిలింది గానీ ఆ సీసా తెచ్చినవాడి పేరు నలుగురికీ తెలియదు. మచ్చల రెక్కల దోమ పురుగులు ఏ నీళ్లల్లో ఉంటాయో వెతికి పట్టుకొచ్చింది అతని కళ్లే. అవి లేకపోతే రాస్ ఆ వానాకాలం కూడా క్యూలెక్సులు కోసుకుంటూ కూర్చునేవాడు.

ఇంతకూ ఆయన చూసిందేమిటి? ఇవాళ మనకు తెలిసిన లెక్కలో చెప్తాను. నెలవంక ఆకారపు క్రిములు మగవి, ఆడవి. మనిషి ఒంట్లో అవి కలవవు. దోమ కడుపులోకి పోగానే ఆ చల్లదనానికి మగక్రిమి పావుగంటలోపే ఎనిమిది సన్నని పోగులుగా చీలి విడిపోతుంది. లావెరాన్ చూసిన కొరడాలు ఇవే. ఆడక్రిమితో వాటి కలయిక ఎట్లా జరుగుతుందో అదే 1897లో మెకాలమ్ అనే యువకుడు పక్షుల మలేరియా జాతి క్రిమిలో చూశాడు. కలిసి పుట్టింది ఒక రోజులో పురుగులా సాగి, దోమ కడుపు గోడను తొలుచుకొని, బయటి అంచున చేరి గూడు కట్టుకుంటుంది. నాలుగో రోజున రాస్ చూసింది ఆ గూడు. ఆ గూట్లోనే వేలకొద్దీ సూదుల్లాంటి పిల్లలు పెరిగి పగిలి బయటపడి, దోమ ఒంట్లో ద్రవంలో ఈది లాలాజల గ్రంథుల్లో చేరతాయి. దీనికంతటికీ మన ఎండల్లో దాదాపు పది పన్నెండు రోజులు. రాస్ దోమలు అన్నాళ్లు బతకలేదు.

బతికుంటే చూసేవాడే. సెప్టెంబరులో సర్కారు బదిలీ చీటీ పంపింది. చేరాల్సింది రాజపుత్రానాలోని ఖేర్వాడా. అక్కడ మలేరియా రోగులు కరువు. ఇండియన్ మెడికల్ సర్వీసు ఫైళ్లల్లో రాస్ ఒక డాక్టరు, ఖాళీ ఉన్నచోట నింపాలి, అంతే. మాన్సన్ లండన్ నుంచి ఒత్తిడి తెస్తే 1898 ఫిబ్రవరికి కలకత్తాలో పరిశోధన పని దొరికింది. అక్కడ మనిషి మలేరియా రోగులు సరిగా దొరక్క, పిచ్చుకల్లో వచ్చే మలేరియా పట్టుకున్నాడు. దానికి బూడిద రంగు క్యూలెక్సే పనికొస్తుంది. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమల్ని పెంచి, పిచ్చుకల పంజరాల్లో వదిలి, తీసి ఇచ్చేవాడు. 1898 జులై మొదట్లో రాస్ దోమ మెడ దగ్గర ఒక గ్రంథిని చూశాడు, దాని కణాల నిండా ఆ సూదులే. గ్రంథి నాళం ఎటు పోతోందో జాడ పట్టి పోతే దోమ ముట్టెలోకి తేలింది. ఆ దోమలు కుట్టిన ఆరోగ్యమైన పిచ్చుకలకు జబ్బు వచ్చింది. జులై 28న ఎడింబరోలో వైద్యుల సభలో మాన్సన్ ఆ సంగతి ప్రకటించాడు. మనిషి మలేరియా అనాఫిలిస్‌లో ఇదే దారిన పోతుందని అదే ఏడాది చివర్లో ఇటలీలో గ్రాసీ, బిన్యామీ, బాస్టియనెల్లీ నిరూపించారు. ఘనత ఎవరిదన్న దాని మీద రాస్, గ్రాసీ జీవితాంతం తిట్టుకున్నారు. 1902 నోబెల్ రాస్‌కు వచ్చింది. ఆ తగవులోకి నేను పోను. చదవడానికి రుచిగా ఉంటుంది గానీ జ్వరం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఆ పది పన్నెండు రోజుల లెక్క మాత్రం మన పల్లెల దాకా వచ్చింది. రక్తం తాగిన అనాఫిలిస్ బరువుతో దగ్గరున్న గోడ మీద వాలుతుంది. ఆ గోడకు మందు కొట్టి ఉంటే క్రిమి నోటిదాకా వచ్చేలోపే దోమ చస్తుంది. జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలైంది. అప్పటికి దేశంలో ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి మలేరియా, ఎనిమిది లక్షల చావులని సర్కారు అంచనా. 1958లో నిర్మూలనే లక్ష్యమన్నారు. పంపు భుజాన వేసుకుని డీడీటీ మనుషులు గడప గడపకూ వచ్చి, సామాను బయట పెట్టించి, గోడలకు తెల్లని మందు కొట్టి, తలుపు పక్కన తేదీ వేసి పోయేవారు. 1960ల నడిమికి కేసులు లక్షకు దిగాయి. దోమ మందుకు అలవాటుపడింది, ఆఫీసు మలేరియా పోయిందనుకొంది. 1976లో కేసులు 64 లక్షలు.

మందుకు దోమ లొంగనప్పుడు క్రిమినే దారిలో పట్టాలన్న ఆలోచన బలపడింది. ఎక్కడ పట్టాలి? దోమ ఒక్క కాటులో మన చర్మంలోకి వదిలేవి కొన్ని పదుల సూదులు మాత్రమే. వాటిని స్పోరోజోయిట్లు అంటారు. అవి రక్తంలోకి దూరి కాలేయం చేరి, ఒక్కోటీ ఒక కణంలో దాక్కుని, వారం తిరిగేసరికి వేలల్లో పెరిగి రక్తంలో పడతాయి. అప్పటిదాకా మనిషికి చలీ లేదు, జ్వరమూ లేదు. కోట్లమంది సైన్యం కాకముందు పదుల్లో ఉన్నప్పుడే పట్టుకుంటే తేలిక. 1967లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో రూత్ నుసెన్‌జ్వైగ్ ఎక్స్‌రేలతో నీరసపడిన స్పోరోజోయిట్లను ఎలుకలకు ఎక్కించింది. తర్వాత అసలు క్రిమి ఎక్కించినా చాలా ఎలుకలకు జబ్బు రాలేదు. ఎలుక ఒళ్లు దేన్ని గుర్తుపట్టిందని వెతికితే, స్పోరోజోయిట్ ఒళ్లంతా కప్పి ఉన్న ఒక ప్రొటీను బయటపడింది. దాని పేరు సీఎస్‌పీ. మనిషిని ఎక్కువగా చంపే ఫాల్సిపారమ్ క్రిమిలో దాని జన్యువును 1984లో చదివారు.

ఇక్కడ మన హైదరాబాదు మళ్లీ కథలోకి వస్తుంది. స్పోరోజోయిట్‌లో వందల ప్రొటీన్లు ఉంటాయి కదా, రక్షణ నిజంగా సీఎస్‌పీ వల్లేనా, లేక మిగతావాటి వల్లా? ఈ ప్రశ్నకు జవాబు 2006 డిసెంబరులో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ వ్యాసంలో మొదటి పేరు కోట అరుణ్ కుమార్‌ది. అప్పుడు ఆయన న్యూయార్క్‌లో రూత్, ఆమె భర్త విక్టర్ నుసెన్‌జ్వైగ్‌ల బృందంలో ఉన్నారు. వాళ్లు వేసిన ఎత్తు తమాషా అయినది. సీఎస్‌పీని సొంత ప్రొటీనే అనుకునేలా జన్యువు మార్చిన ఎలుకల్ని తీసుకున్నారు. వాటి ఒళ్లు సీఎస్‌పీని శత్రువుగా చూడదు. ఆ ఎలుకలకు నీరసపడ్డ స్పోరోజోయిట్లను ఎక్కిస్తే రక్షణ బాగా పడిపోయింది. అంటే వందల ప్రొటీన్ల మధ్య పెద్ద వాటా ఆ ఒక్కదానిదే.

తర్వాత ఆయన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో జంతుజీవశాస్త్ర విభాగానికి వచ్చి సొంత ప్రయోగశాల నడిపారు. ఈ తరహా ప్రయోగశాలల్లో చేసే పని చూస్తే రాస్ గదికి బంధుత్వం తెలుస్తుంది. వాడే క్రిమి ప్లాస్మోడియం బెర్ఘీ. ఆఫ్రికా అడవి ఎలుకల్లో 1948లో దొరికింది, మనిషికి అంటదు. దోమ అనాఫిలిస్ స్టెఫెన్సీ, మన పట్నాల్లో బావులు, మేడల మీది నీళ్ల తొట్లలో పెరిగేదే. క్రిమి డీఎన్ఏలోంచి ఒక జన్యువును తీసేసి, ఆ క్రిమిని ఎలుకకు ఎక్కించి, దోమ చేత ఆ ఎలుక రక్తం తాగిస్తారు. దోమల్ని 20 డిగ్రీల పక్కపక్కన చల్లగా ఉంచాలి, లేకపోతే బెర్ఘీ పెరగదు. పది పద్నాలుగు రోజులకు కొన్నిటిని కోసి కడుపు గోడ మీద గూళ్లు లెక్కపెడతారు. ఇంకో వారానికి మిగతావాటి తల లాగి లాలాజల గ్రంథుల్లో స్పోరోజోయిట్లు లెక్కపెడతారు. ఇప్పటికీ సూదులు రెండే, ఉప్పునీటి చుక్క ఒకటే. ఏ మజిలీలో లెక్క తప్పితే, తీసేసిన జన్యువుకు అక్కడ పని ఉన్నట్టు.

2017లో ఆ బృందం స్పెల్డ్ అని పేరు పెట్టిన ఒక ప్రొటీను గురించి రాసింది. దాని జన్యువు తీసేసిన క్రిమి దోమలో ఎప్పటిలాగే పెరిగింది, లాలాజలంలోకి చేరింది, కాలేయ కణంలోకి దూరింది. లోపల సగం పెరిగి ఆగిపోయింది. రక్తంలోకి రాలేదు, జ్వరం రాలేదు. పైనుంచి చూస్తే ఇది ఒక చిన్న సంగతి. టీకా మనుషులకు మాత్రం ఇలాంటివే కావాలి: కాలేయం దాకా పోయి మన ఒంటికి తన గుర్తులన్నీ చూపించి, జబ్బు చెయ్యకుండా ఆగిపోయే క్రిమి.

ఈలోపు సీఎస్‌పీ దారిన పోయినవాళ్లు టీకా తెచ్చారు. ఆ ప్రొటీను ముక్కను హెపటైటిస్ బి ప్రొటీనుకు అతికించి తయారుచేసిన ఆర్‌టీఎస్,ఎస్ టీకాను పిల్లలకు వెయ్యవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరు 6న చెప్పింది. పెద్ద ప్రయోగంలో నాలుగు మోతాదులు పడ్డ ఆఫ్రికా పిల్లల్లో నాలుగేళ్లలో మలేరియా తగ్గింది 36 శాతం. తక్కువేనని పెదవి విరిచేవాళ్లున్నారు. ఏడాదికి ఆరు లక్షలమంది దాకా చచ్చే జబ్బులో 36 శాతం తక్కువేమీ కాదు. రెండో టీకా ఆర్21, పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్నది, 2023లో ఆమోదం పొందింది. మొదటి టీకా తయారీని తీసుకునే ఒప్పందం 2021 జనవరిలోనే భారత్ బయోటెక్‌తో కుదిరింది. ఆ కంపెనీ ఉన్నది శామీర్‌పేట దారిలో, జీనోమ్ వ్యాలీలో. రాస్ పనిచేసిన భవనం బేగంపేట పాత విమానాశ్రయం పక్కన ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. రెంటికీ మధ్య కారులో గంట ప్రయాణం.

పరకాల వాళ్లకు ఈ టీకాతో వెంటనే ఒరిగేది తక్కువ. ఇది ఆఫ్రికా పసిపిల్లల కోసం, ఫాల్సిపారమ్ ఒక్కదాని మీదే పనిచేసేలా చేసినది. మన అడవి అంచు ఊళ్లల్లో జ్వరం తునికాకు కోతకు, పశువుల వెంట అడవికి పోయిన పెద్దవాళ్లను కూడా పడుతుంది. పైగా మన దగ్గర వైవాక్స్ అనే రెండో క్రిమి ఉంది. దాని స్పోరోజోయిట్లలో కొన్ని కాలేయంలోకి పోయి పెరగకుండా నెలల తరబడి పడుకుంటాయి. మాత్రలు మింగి జ్వరం తగ్గిన మనిషికి, మళ్లీ దోమ కుట్టకుండానే, ఆరునెలలకు చలి మొదలవుతుంది. దానికి ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వరసగా మింగాలి. మూడో రోజుకే జ్వరం దిగి ఒళ్లు తేలికపడినవాడిచేత పద్నాలుగో రోజు దాకా మాత్ర మింగించడం దోమను కొయ్యడం కన్నా కష్టమని ఆ ఊళ్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలు అంటారు. వచ్చే వారం వాళ్ల సంగతే.